అభయశాసనం నుండి మదుపరి వీసా దాకా

సొమ్ము చేతబట్టుకొని పరదేశం వెళ్ళి, అక్కడ వ్యాపారం పెట్టుకొని, ఆలుబిడ్డలతో స్థిరపడదలచిన మనిషికి ఆ దేశపు ప్రభుత్వం ఇచ్చే అనుమతిని ఈనాడు మదుపరి వీసా అంటున్నాం. మాట కొత్తది. విషయం మాత్రం చాలా పాతది. అటువంటి అనుమతిని రాతి మీద చెక్కించి, సముద్రపు ఒడ్డున నిలబెట్టి, వచ్చేవారందరూ చదువుకొనేటట్లు చేసిన ఘనత మన తెలుగు రాజులది. మోటుపల్లి శాసనాల సంగతి మిత్రులలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయితే వాటిని కాకతీయుల వైభవానికి నిదర్శనాలుగా చదవటం ఒకటి, వలసపోయే వర్తకునికి ఇచ్చిన హామీ పత్రాలుగా చదవటం మరొకటి. ఈ టపాలో నేను రెండవ పని చేయదలచాను.

వాడపల్లిలో నిలబడి చూసేవారికి ఈ ఆలోచన సహజంగానే కలుగుతుంది. కృష్ణలో మూసీ కలిసే చోటు ఇది. అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహస్వామి వెలసిన క్షేత్రంగానే నేడు దీనికి ప్రసిద్ధి. ఓడలూ పడవలూ ఆగే రేవు గనుక ఓడపల్లి అన్నారనీ, అదే వాడపల్లి అయిందనీ ఇక్కడివారు చెప్పుకొంటారు. కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి శాసనం ఇక్కడ ఉంది. ఆయన అన్న అనపోతారెడ్డి శాసనం మోటుపల్లిలో ఉంది. ఒక అన్నదమ్ముల పాలనలో ఒక కొస ఈ నది రేవు, మరొక కొస ఆ సముద్రపు రేవు. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దక్షిణంగా, తీరం వెంబడి ఉంది మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఒక చిన్న పల్లె. ఆనాడు అది ప్రపంచానికి తెలిసిన పట్టణం.

వాడపల్లికి మరొక అనుభవం కూడా ఉంది. అది సరిహద్దు అనుభవం. పందొమ్మిదవ శతాబ్దం మొదటి నుండి 1948 దాకా ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆవలి ఒడ్డు ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. ఇక్కడికి సరుకు రావాలంటే నిజాం కరోడ్‌గిరి వారికి సుంకం కట్టాలి. 1802 నాటి వాణిజ్య ఒడంబడిక ప్రకారం ఆ సుంకం నూటికి ఐదు. 2014 జూన్ 2 నుండి మళ్ళీ ఇదే నది రెండు రాష్ట్రాలకు ఎల్ల అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ నాడు హైదరాబాదు నుండి స్వగ్రామాలకు బయలుదేరినవారు ఈ వంతెన దగ్గర, ఆవలి పొందుగుల దగ్గర ఆగిపోయారు. ఒకే భాష, ఒకే దేశం, అయినా అడుగు ముందుకు పడలేదు. ద్వారం ఎవరి చేతిలో ఉంటే మాట వారిదే అన్న సత్యం ఆనాడు అందరికీ తెలిసివచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

పరదేశం పోయే వర్తకుడు, అతడు ఏ కాలంవాడైనా సరే, ఐదు ప్రశ్నలు అడుగుతాడు. నన్ను రానిస్తారా? నా సొమ్ములో ఎంత తీసుకొంటారు? ఉండటానికి చోటు, ఇష్టమైనవారికి అమ్ముకొనే స్వేచ్ఛ ఇస్తారా? నేను పోతే నా సొత్తు ఎవరికి చెందుతుంది? వెళ్ళిపోతానంటే పోనిస్తారా? వీటికి జవాబు దొరికితేనే తెలివైనవాడు ఓడ ఎక్కుతాడు.

గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి శాసనం శక సంవత్సరం 1166 నాటిది, అంటే క్రీ.శ. 1244-45. దీపాంతర, దేశాంతర, పట్టణాంతరాల నుండి వచ్చే సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయం అది. అందులోని విషయం నా మాటల్లో చెబుతాను. వెనుకటి రాజులు, గాలివానకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కొనేవారు. ప్రాణం కంటె ధనమే ఎక్కువని తలచి సముద్రయానానికి తెగించినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణీతమైన సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాం. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పదికి ఒకటి. ఆ తరువాత గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు మొదలైన సరుకులకు వేరువేరుగా రేట్లు చెక్కించారు.

ముప్పదికి ఒకటి అంటే నూటికి మూడు చిల్లర. ఆరు వందల ఏండ్ల తరువాత వాడపల్లి రేవులో నిజాం వసూలు చేసిన దానికంటె తక్కువ.

ఇందులో గొప్పతనం రేటు తక్కువ కావటంలో లేదు. రేటు ముందే తెలియటంలో ఉంది. సుంకాధికారి కోపతాపాలను బట్టి, వర్తకుని కట్టుబట్టలను బట్టి మారని అంకె అది. ఇక పగిలిన ఓడ సంగతి. ఆ రోజుల్లో ఇది ఎంత అరుదైన హామీయో తెలియాలంటే, అదే శతాబ్దం చివర మన తీరాలు చూసిన మార్కోపోలో రాతలు చూడాలి. పడమటి తీరంలో ఏలి రాజ్యం గురించి చెబుతూ, వేరే రేవుకు పోవలసిన ఓడ దారితప్పి తమ నదిలో ప్రవేశిస్తే, దేవుడే మీ సరుకు మాకు పంపించాడంటూ అక్కడివారు అంతా దోచుకొంటారని అతడు రాశాడు. తూర్పుతీరాన ముత్ఫిలి అని అతడు పేర్కొన్నది మోటుపల్లినే. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదనీ, వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడు వంటి సన్నని బట్టలు నేస్తారనీ రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. గణపతిదేవుని కూతురిని ఆయన భార్య అని పొరబడ్డాడు గాని, ఆమె న్యాయం గురించి పొరబడలేదు. ఒకే యాత్రికుని గ్రంథంలో రెండు తీరాలు, రెండు ధర్మాలు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. రాజ్యంతో పాటు రాజు ఇచ్చిన మాట కూడా పడిపోయింది. సముద్ర వ్యాపారం సన్నగిల్లింది. ముప్పై అయిదేండ్ల తరువాత, 1358లో, అనపోతారెడ్డి మోటుపల్లి రేవును మళ్ళీ నిలబెట్టడానికి మరొక శాసనం వేయించాడు. ఆ పని నిర్వహించినవాడు మంత్రి సోమయ. శాసనాన్ని తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించటం గమనించదగిన విషయం. హామీ ఎవరి కోసమో వారి భాషలోనే ఉండాలని ఆనాటి ప్రభుత్వానికి తెలుసు. ఈనాటి వీసా పత్రాలు ఏ భాషలో ఉంటాయో, వాటిని మన ఊళ్ళలో ఎందరు స్వయంగా చదువుకోగలరో చెప్పనక్కరలేదు.

గణపతిదేవుని శాసనం వచ్చిపోయే వర్తకునికి ఉద్దేశించినది. అనపోతారెడ్డి శాసనం వచ్చి ఉండిపోయే వర్తకుని గురించి కూడా ఆలోచించింది. మోటుపల్లికి వచ్చి కాపురం ఉండదలచిన వర్తకులను గౌరవిస్తాం, భూమి ఇస్తాం, ఊరివారికి ఉండే మర్యాదలు వారికీ ఇస్తాం అన్నది. వారు మరొక చోటికి పోదలిస్తే నిర్బంధించం, మర్యాదగా పంపుతాం అన్నది. తెచ్చిన సరుకు తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు, కావలసిన సరుకు కొనుక్కోవచ్చు అన్నది. కొడుకులు లేకుండా చనిపోయినవాని ఆస్తిని రాజు తీసుకొనే అపుత్రిక దండాన్ని రద్దు చేసింది. బంగారం మీది సుంకం విడిచిపెట్టింది, గంధం మీది సుంకంలో మూడవ వంతు తగ్గించింది. తక్కిన సుంకాలు పూర్వమర్యాద ప్రకారమే అన్నది.

పైన చెప్పిన ఐదు ప్రశ్నలను మరొకసారి చదవండి. ఒక్కటీ మిగలకుండా జవాబు వచ్చింది. ముఖ్యంగా నాలుగవది, ఐదవది. అపుత్రిక దండం సామాన్యమైన పన్ను కాదు. దూరదేశంలో వ్యాపారం చేస్తూ హఠాత్తుగా కన్నుమూసినవాని కొట్టులోని సరుకంతా ఖజానాకు పోతుందంటే, ఏ భార్య అతణ్ణి ఓడ ఎక్కనిస్తుంది? వెళ్ళిపోయే స్వేచ్ఛను మొదటనే రాసి ఇవ్వటం మరీ గొప్ప. తలుపు లోపలి నుండి కూడా తెరుచుకొంటుందని తెలిస్తేనే కొత్తవాడు ధైర్యంగా లోపలికి అడుగుపెడతాడు.

ఇది కేవలం దయాధర్మం అని నేను అనను. రాజులకు గుర్రాలు కావాలి, అవి సముద్రం దాటి రావాలి. ఖజానాకు సుంకం కావాలి. వర్తకుడు రాకపోతే రెండూ లేవు. స్వలాభం ఉన్నది, కాని దానిని న్యాయం ద్వారా సాధించాలన్న తెలివి కూడా ఉన్నది. ఫలితం తరువాతి తరంలో కనిపించింది. కుమారగిరిరెడ్డి కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టి హురుముంజి గుర్రాలు, సింహళపు ఏనుగులు, చీనా పట్టుబట్టలు తెప్పించేటంత ఎత్తుకు పెరిగాడు. శ్రీనాథుని 'హరవిలాసం' అంకితం పుచ్చుకొన్నది ఆయనే. ఒక రేవు శాసనం పుణ్యమా అని సాహిత్యానికి కూడా ఒక కావ్యం దక్కిందని ఒక పాత తెలుగు పండితుడు మురిసిపోతే మీరు తప్పుపట్టరనుకొంటాను.

ఇదే నేల మీద దీనికి భిన్నమైన మార్గమూ చూశాం. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు కంపెనీకి ఒక ఫర్మానా ఇచ్చాడు. చరిత్రలో దానిని బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 పగోడాలు కడితే చాలు, రాజ్యంలోని రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చు. వ్యాపారం ఎంత పెరిగినా కట్టేది అంతే. మోటుపల్లి శాసనం సముద్రం దాటి వచ్చిన ప్రతివానికీ ఇచ్చిన సమానమైన మాట. బంగారు ఫర్మానా ఒక్క కంపెనీకి ఇచ్చిన ప్రత్యేక సౌకర్యం. అందరికీ ఒకే ధర పెట్టినచోట బజారు పెరుగుతుంది. ఒక్కరికి తలుపు బార్లా తీసినచోట ఆ ఒక్కరే పెరుగుతారు. తరువాతి రెండు వందల ఏండ్ల చరిత్ర మీకు తెలిసినదే.

ఇంతవరకు వచ్చినవారి కథ. మనవారు పోయిన కథ కూడా ఉన్నది. ఈ శాసనాల విలువ అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. కళింగాంధ్ర నుండి, గోదావరి మండలాల నుండి వేలాది తెలుగువారు బర్మాకు పోయారు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే గనుక అది పరదేశమన్న భావన కూడా వారికి లేదు. కూలీలే కాదు, దుకాణాలు పెట్టినవారు, ఇళ్ళు కట్టినవారు ఉన్నారు. ఎవరూ వారికి అభయశాసనం ఇవ్వలేదు, వారూ అడగలేదు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఎందరో కొండలూ అడవులూ నడిచి వచ్చారు. మిగిలినవారికీ, తిరిగి వెళ్ళినవారికీ 1962 తరువాత నె విన్ ప్రభుత్వం వచ్చింది. 1963-64లో దుకాణాలతో సహా వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. ఓడలెక్కి తిరిగి వచ్చినవారు తరాల సంపాదనను అక్కడే వదిలి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ కథను నేటికీ గుర్తుచేస్తున్నది. రానిస్తారా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే చాలుననుకొని, పోనిస్తారా అన్న ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఈనాటి సంగతికి వద్దాం. నా దగ్గర చదువుకొని మిర్యాలగూడ ప్రాంతంలో బియ్యపు మిల్లు నడుపుతున్న ఒకాయన ఆ మధ్య ఒక కట్ట కాగితాలు తెచ్చాడు. "సార్, మీరు శాసనాలు చదివెటోళ్ళు గద, గీ కాగితాలు గూడ జర చూసి చెప్పున్రి" అన్నాడు. మిల్లులో వాటా అమ్మి అమెరికా మదుపరి వీసాకు పెట్టాలని అతని ఆలోచన. కూతురికి పదిహేడేండ్లు. ఆ కాగితాలను నేను శాసనాలను చదివినట్లే చదివాను, అవే ఐదు ప్రశ్నలతో.

మొదటిది ప్రవేశం. అమెరికా మదుపరి వీసాలలో ఇ-2 అనేది ఆ దేశంతో ఒడంబడిక ఉన్న దేశాల పౌరులకే. భారతదేశం ఆ జాబితాలో లేదు. గ్రెనడా వంటి దేశపు పౌరసత్వం కొనుక్కొని ఆ దారిన పోదామనుకొనేవారికి 2022 డిసెంబరులో వచ్చిన చట్టం అడ్డుకట్ట వేసింది. అలా మదుపు పెట్టి పౌరసత్వం పొందినవారు ఆ దేశంలో మూడేండ్లు నివాసం ఉండాలి. పైగా మరొక దేశపు పౌరసత్వం పుచ్చుకొన్న నాడే మన పౌరసత్వం పోతుంది. ఆ తరువాత ఒ.సి.ఐ. కార్డు దొరకవచ్చు గాని, దానితో వ్యవసాయ భూమి కొనటానికి వీలులేదు. కృష్ణ ఆయకట్టు మాగాణి మీద మమకారం ఉన్నవారు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి. ఇక మిగిలినది ఇబి-5. ఇది 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏడాదికి ఇంచుమించు పదివేల వీసాలు, అందులో ఒక్కొక్క దేశానికి మామూలుగా నూటికి ఏడు వంతు. కుటుంబంలో ప్రతి మనిషికీ ఒక్కొక్క వీసా లెక్క. కనుక ఇక్కడ మోటుపల్లి వలె వచ్చినవారందరికీ తెరిచిన తలుపు లేదు, వరుస ఉన్నది.

రెండవది వెల. మొదట వెనుకబడిన ప్రాంతాలలో అయిదు లక్షల డాలర్లు, ఇతర చోట్ల పది లక్షలు. 2019 నవంబరులో తొమ్మిది లక్షలు, పద్దెనిమిది లక్షలు చేశారు. 2021 జూన్‌లో న్యాయస్థానం ఆ పెంపును కొట్టివేసింది. 2022 మార్చిలో కొత్త చట్టం ఎనిమిది లక్షలు, పది లక్షల యాభై వేలు అన్నది. మన వైపు నుండి చూస్తే, రిజర్వు బ్యాంకు పథకం ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగినది రెండున్నర లక్షల డాలర్లు. అంటే ఎనిమిది లక్షలు ఒక్కడే పంపాలంటే నాలుగు సంవత్సరాల కోటా కావాలి, లేదా ఇంటిల్లిపాదీ తలా కొంత పంపాలి.

మూడవది, ఉండే చోటు, చేసుకొనే స్వేచ్ఛ. మొదట ఇచ్చేది రెండేండ్ల షరతు మీది నివాసం. మదుపు వల్ల పదిమందికి పూర్తికాలపు ఉద్యోగాలు వచ్చాయని రుజువైతేనే షరతు తొలగుతుంది. మదుపు నష్టానికి లోబడి ఉండాలన్నది చట్టమే పెట్టిన నియమం, కనుక సొమ్ము తిరిగి వస్తుందని ఎవరైనా మాట ఇస్తే ఆ మాటనే అనుమానించాలి. వెర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే మంచుక్రీడల విడిది పేర ఎన్నో దేశాల మదుపరుల నుండి సొమ్ము సేకరించినవారి మీద 2016లో అక్కడి ప్రభుత్వ సంస్థే మోసం కేసు పెట్టింది. పాతకాలపు వర్తకునికి తుఫాను భయం, నేటి మదుపరికి ఈ భయం.

నాలుగవది వారసులు. భార్యకు, ఇరవైయొక్క ఏండ్లు నిండని, పెళ్ళికాని పిల్లలకు తండ్రితో పాటు నివాసం వస్తుంది. వరుసలో నిలబడి ఉండగా పిల్లకు ఇరవైయొకటి దాటితే? చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నది గాని, అన్ని సందర్భాలలోనూ కాపాడేంతటిది కాదు. పదిహేడేండ్ల కూతురి కోసమే మిల్లు అమ్ముతున్న తండ్రి అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఆయన తెచ్చిన కాగితాలలో రంగురంగుల భవనాల బొమ్మలు ఉన్నాయి, ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పంక్తి కూడా లేదు.

ఐదవది నిష్క్రమణ. శాశ్వత నివాసి అయినవాడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలి. మిర్యాలగూడ మిల్లు ఆదాయం కూడా ఆ లెక్కలోనిదే. పదిహేను సంవత్సరాలలో ఎనిమిది సంవత్సరాలు అలా ఉన్న తరువాత కార్డు వదిలి వస్తానంటే, సంపన్నుల విషయంలో నిష్క్రమణ పన్ను కూడా ఉంటుంది. మర్యాదగా పంపుతాం అన్న రెడ్డిరాజు మాటను ఇక్కడ తలచుకొన్నాను.

ఈ ఐదింటికీ వెనుక, పైకి కనిపించని ఆరవ ప్రశ్న ఒకటి ఉన్నది. ఇచ్చిన మాట నిలుస్తుందా? కెనడా 1986లో పెట్టిన మదుపరి పథకాన్ని 2014లో రద్దు చేస్తూ, ఏండ్ల తరబడి వరుసలో ఉన్న వేలమంది దరఖాస్తులను కూడా చట్టం చేసి కొట్టివేసింది. బ్రిటను 2008లో తెరిచిన తలుపును 2022 ఫిబ్రవరిలో మూసింది. ఐర్లాండు 2023లో, స్పెయిను 2025 ఏప్రిల్‌లో మూశాయి. పోర్చుగల్ 2023లో ఇళ్ళు కొనే మార్గాన్ని తీసివేసింది. ఈ పథకాల వల్ల ఇళ్ళ ధరలు పెరిగి తమ ప్రజలే కొనుక్కోలేకపోతున్నారన్నది స్పెయిను చెప్పిన కారణం, అందులో న్యాయం లేకపోలేదు. రాజ్యానికి తన ప్రజలు ముందు. ఆ సంగతి మదుపరి ఎరిగి ఉండాలి.

మరి మన దేశం? 2016 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం విదేశీ మదుపరులకు శాశ్వత నివాస హోదా ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. పద్దెనిమిది నెలల్లో పదికోట్ల రూపాయలు గాని, ముప్పైయారు నెలల్లో ఇరవై అయిదు కోట్లు గాని మదుపు పెట్టాలి, ఏటా ఇరవైమంది భారతీయులకు పని చూపించాలి. అప్పుడు పదేండ్ల నివాసం, మళ్ళీ పొడిగింపు, నివాసానికి ఒక ఇల్లు కొనుక్కొనే వీలు. మోటుపల్లి వారసత్వానికి ఇది తగిన పనే.

మిల్లు యజమానికి నేను పొమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ నిర్ణయం అతనిది, సలహా చెప్పవలసినవారు న్యాయవాదులు. ఆరు ప్రశ్నలూ ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా జవాబు రాతమూలకంగా తెచ్చుకో, నోటిమాట మీద ఒక్క ఎకరమూ అమ్మకు అన్నాను.

శాసనం అన్న మాటకు ఆజ్ఞ అని అర్థం. గణపతిదేవుడు, అనపోతారెడ్డి తమ శాసనాలలో ఆజ్ఞాపించినది వర్తకులను కాదు, తమ అధికారులను, తమ తరువాత వచ్చే రాజులను, కడపటికి తమను తాము. అందుకే ఆ రాళ్ళను అభయం అన్నారు. నేటి వీసా పత్రాలలోని నిబంధనలు దాదాపు అన్నీ వచ్చేవానిని కట్టివేసేవే. ఇచ్చేవారిని కట్టివేసే వాక్యం ఎక్కడ ఉన్నదో వెతకటమే పరదేశం పోదలచిన ప్రతి తెలుగు వర్తకుడూ ముందుగా చేయవలసిన పని.

స్వస్తి.